ప్రమాదమెవ్వరిది?

కర్మాగారములో బాయిలరు ప్రేలి పదిమంది మరణించిరేని మఱునాటి పత్రికలు ‘ఘోర ప్రమాదము’ అని పెద్ద యక్షరములతో ప్రకటించును. మనము చదివి నిట్టూర్చి పుట త్రిప్పుదుము. ఆ మాటకు మొదట నుండిన యర్థమేమో ఒక్క నిమిషము తలపోసితిమేని అంత సులభముగా పుట త్రిప్పజాలము. సంస్కృతమున ప్రమాదమనగా అపాయము కాదు, ఆపద కాదు, దైవఘటనము అంతకంటె కాదు. అమరకోశము దీనికి చెప్పిన యర్థము అనవధానత, అనగా ఏమఱుపాటు. తైత్తిరీయోపనిషత్తులో గురువు, చదువు ముగించి యిండ్లకు మరలు శిష్యులకు సత్యము, ధర్మము, కుశలము మొదలగువాని విషయమున ఏమఱవలదని చేసిన హెచ్చరికలో పలుమాఱు వినవచ్చు ధాతువు నిదియే. ధమ్మపదములో రెండవ వర్గమునకు ‘అప్పమాదవగ్గము’ అని పేరు. అది యేమఱకుండుట యొక్క గొప్పతనమును చెప్పు భాగము.

తెలుగున ఈ పదము కాలక్రమమున కారణమును విడిచి కార్యమున స్థిరపడినది. ఏమఱుపాటు అను నర్థము మఱుగుపడి, ఏమఱుపాటు వలన కలుగు కీడునకు అది పేరైనది. భాషలో నిట్టి మార్పులు సహజములు. వానిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కాని యీ మార్పు చాటున నైతికమైన మఱపొకటి దాగియున్నట్లు మాకు తోచుచున్నది. ‘ప్రమాదము జరిగినది’ అన్నప్పుడు ఆ వాక్యమున చేసినవాడు కానరాడు. వాన కురిసినట్లు, ప్రొద్దు గ్రుంకినట్లు అది తనంతట జరిగిపోయినది. పూర్వార్థమును తలచుకొంటిమేని ‘ఎవరి ప్రమాదము?’ అను ప్రశ్న పుట్టకమానదు. పనిచేయు చోట మనుష్యుల ప్రాణములను కాపాడు నేర్పాటు లెట్లుండవలయునని విచారింపబూనువారు మొదట ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలయును. సమాధానమెట్టిదో యేర్పాటులు నట్టివే యగును గనుక ఇది వట్టి శబ్దచర్చ కాదు.

లోకములో ఈ ప్రశ్నకు మూడు సమాధానములు వినవచ్చుచున్నవి. మొదటిది విధి. రెండవది పనివాని యజాగ్రత్త. మూడవది పనిని ఏర్పరచినవారి యజాగ్రత్త. ఈ మూటిని వరుసగా పరిశీలింతము.

మొదటి సమాధానము మనకు మిక్కిలి పరిచితమైనది. ‘వానికి నూకలు చెల్లినవి’ అనుట మన యూళ్లలో ఓదార్పు మాట. పుత్రశోకముతో కుములు తల్లికి ఆ మాట కొంత యూరట నిచ్చునేని మేము దానిని కాదనము. కాని యేడ్చువారిని ఓదార్చుటకు పుట్టిన మాట, ఏడ్పించినవారు చెప్పుకొను సమాధానమైనప్పుడు అది యధర్మమగును. విధిని నమ్మునట్టి ఏ యజమానియైనను రాత్రివేళ గిడ్డంగికి తాళము వేయుట మానడు. యంత్రములకు బీమా చేయింపక విడువడు. సొత్తు విషయమున పురుషకారమును, ప్రాణము విషయమున దైవమును నమ్ముట విశ్వాసము కాదు. లెక్కలు తెలిసినవాని నేర్పు. ప్రతిఫలమునకు ముందు క్రియ యుండవలయునని చెప్పునదే కర్మసిద్ధాంతము కదా! అట్టి సిద్ధాంతమును, చేయవలసిన క్రియను మానుకొనుటకు సాకుగా చెప్పుట దానికే యవమానము.

దసరాకు మన మిల్లులలోను వర్కుషాపులలోను యంత్రములను కడిగి పసుపు కుంకుమలు పెట్టి, బూడిదగుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు కట్టుదురు. ఈ యాయుధపూజను మేము పరిహసింపము. అన్నము పెట్టు పనిముట్టును గౌరవించుట మంచి సంస్కారమే. అయితే గిరగిర తిరుగు బెల్టునకు అడ్డు కంచె లేకయే దాని ప్రక్కన బొట్టు పెట్టి నమస్కరించినచో, ఆ నమస్కరించిన చేయినే యది యొకనాడు లాగికొనును. యంత్రమునకు భక్తి తెలియదు. మన దేశమున 1881లో పుట్టిన మొదటి ఫ్యాక్టరీ చట్టము సయితము యంత్రములకు కంచె యుండవలెనని విధించినది. పూజయు జాగ్రత్తయు నొకదాని కొకటి విరోధులు కానక్కఱలేదు. తాడిచెట్టెక్కు గీతకార్మికులు కాటమయ్యను కొలుతురు. మోకు జాఱి పడి మరణించినవారును, నడుము విఱిగి మంచము పట్టినవారును వారిలో నెందఱో కలరు. 2024లో తెలంగాణ ప్రభుత్వము చెట్టునుండి పడకుండ పట్టియుంచు పరికరములను వారికి పంచుట మొదలుపెట్టి ఆ పథకమునకు ‘కాటమయ్య రక్షణ కవచము’ అని పేరుపెట్టినది. దేవుని పేరు, గట్టి త్రాడు ఒక్కచోట చేరినవి. మాకు సమ్మతమైన యాయుధపూజ యిట్టిది.

ఇక రెండవ సమాధానము. ఇది నాగరికులది, కావున మొదటిదానికంటె నెక్కుడు విచారింపదగినది. అమెరికాలో హెచ్. డబ్ల్యు. హైన్రిచ్ అను బీమాకంపెనీ యుద్యోగి కర్మాగారములలోని ప్రమాదముల నివారణమును గూర్చి 1931లో నొక గ్రంథమును ప్రకటించెను. నూటికి 88 ప్రమాదములు మనుష్యులు చేసిన యపాయకరమైన పనులవలననే కలుగుచున్నవని యాయన తేల్చెను. యంత్రములకు రక్షణము లేర్పరుపవలయునని కూడ ఆయన చెప్పకపోలేదు. కాని లోకము ఆ మాటను విడిచి యీ యంకెను పట్టుకొన్నది. ఆయన యాధారపడినవి బీమాదారుల దస్త్రములు, కర్మాగారముల యజమానులు వ్రాసియుంచిన కాగితములు. ఆ కాగితములను వ్రాసినవారు చేయి తెగినవారు కారు. చేయి తెగినచోట నధికారము చేయువారు. ‘కార్మికుని యజాగ్రత్త’ అని వ్రాసినయెడల విచారణ ముగియును. ‘కంచె లేదు’ అని వ్రాసినయెడల ఖర్చు మొదలగును. మరణించినవాడు వచ్చి సాక్ష్యము చెప్పడు. ఇట్టి సాక్ష్యములనుండి యేర్చిన యంకె యెట్లుండునో చదువరులే యూహింపవచ్చును.

అయినను ఆ యంకెను నిజమేయని యొప్పుకొందము. దానివలన తేలినదేమి? మనుష్యుడు ఏమఱుననియే కదా! అది క్రొత్త సంగతి కాదు. బడిపంతుళ్లమైన మాకు మధ్యాహ్న భోజనానంతరము మూడవ గంటలో పిల్లల కన్నులెట్లు మూతలుపడునో తెలియును. చల్లని నీడలో కూర్చున్న పిల్లల కావిధమైనప్పుడు, కొలిమి యెదుట పండ్రెండు గంటలు నిలిచిన వానికి రాత్రి మూడు గంటలవేళ మనస్సు చెదరుట వింతయా? ఊరిలో నూతికి పిట్టగోడ లేదు. ఆడుకొనుచు నొక పిల్లవాడు పడినాడు. ‘చూచుకొని నడువవలదా?’ అని పిల్లవానిని తిట్టువాడు మూర్ఖుడు. పిల్లలు చూచుకొనక నడుతురనియే పిట్టగోడ కట్టుట. ఏమఱుట మనుష్యస్వభావము, ఏమఱినవాడు చావకుండునట్లు ముందుగా నేర్పరచుట పని చేయించువాని ధర్మము. ఈ రెండింటిని తాఱుమాఱు చేసి, స్వభావమును నేరముగాను, ధర్మమును దయగాను చెప్పుటయే రెండవ సమాధానములోని లోపము.

దీనికి భోపాలును మించిన నిదర్శనము లేదు. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి అచ్చటి పురుగుమందుల కర్మాగారమునుండి మిథైల్ ఐసోసయనేటు అను విషవాయువు వెలువడి, ప్రభుత్వము వారి లెక్క ప్రకారమే వేలకొలది జనులు మరణించిరి. ఆ ద్రవమున్న ట్యాంకులో నీరు చేరుట తక్షణకారణము. అసంతృప్తుడైన పనివాడొకడు కావలెననియే నీరు కలిపెనని కంపెనీవారు పిమ్మట వాదించిరి. ఆ వాదము నిజమో కాదో యటుండనిండు. ట్యాంకును చల్లగా నుంచవలసిన శీతలయంత్రము అంతకు మున్నే యాపివేయబడియుండెను. వెలువడిన వాయువును కడిగి విఱుచు యంత్రము పనిచేయు స్థితిలో లేదు. మిగిలిన దానిని కాల్చివేయవలసిన గోపురము మరమ్మతునకై గొట్టము విప్పబడి యుండెను. జనులు నివసించు పేటల ప్రక్క నొక్క ట్యాంకులో సుమారు 40 టన్నుల విషమును నిలువయుంచిరి. అమెరికానుండి వచ్చిన కంపెనీ పరిశీలకులే 1982లో ఆ కర్మాగారమున పెక్కు లోపములను వ్రాసియిచ్చిరి. అదే సంవత్సరమున రాజ్‌కుమార్ కేశ్వానీ యను పత్రికారచయిత నగరమునకు రానున్న యపాయమును ప్రకటించి హెచ్చరించెను. ఒక్క మనుష్యుని ఏమఱుపాటో దురుద్దేశమో ఒక్క రాత్రిలో వేలమందిని చంపగలుగునట్లు సంవత్సరములకొలది యేర్పాటు చేసినవారెవ్వరు? అసలు ప్రమాదము, ఆ పదము యొక్క పూర్వార్థమున, అచ్చట నున్నది.

మన సుప్రీంకోర్టు ఈ సంగతిని గ్రహించినది. 1985 డిసెంబరులో ఢిల్లీ నగరమున నొక కర్మాగారమునుండి ఓలియం వాయువు వెలువడిన వ్యవహారమున, 1986 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి పి. ఎన్. భగవతి గారి ధర్మాసనము తీర్పు చెప్పుచు, అపాయకరమైన పరిశ్రమను నడుపువారు దానివలన కలిగిన కీడునకు సంపూర్ణముగా బాధ్యులనియు, మేము తగు జాగ్రత్త పడితిమని చెప్పి తప్పించుకొనుటకు వీలులేదనియు నిర్ణయించినది. లాభమునకై అపాయమును తెచ్చి పెట్టినవాడు దాని భారమును గూడ మోయవలయునను న్యాయమిది. సామాన్యునికిని ఇది సులభముగా బోధపడును. ఇంట పులిని పెంచువాడు, గొలుసు తెగుట నా తప్పుకాదని పొరుగువానితో చెప్పరాదు.

ఇట్లనుటచే పనివానికి బాధ్యతయే లేదని మా మతము కాదు. ఇచ్చిన హెల్మెట్టును తలపై పెట్టుకొనక సైకిలునకు తగిలించువాడును, తొందరకై కంచెను తీసి ప్రక్కన పెట్టువాడును తప్పు చేసినవారే. అయితే బాధ్యతను కొలుచుటకు కొలబద్ద యొకటి కావలయును. ఎవనికెంత యధికారమో వానికంత బాధ్యత యనునదే మాకు తోచిన కొలబద్ద. ‘వలదు’ అనుటకు శక్తి యెవనికున్నదో వానిని ముందుగా ప్రశ్నింపవలయును. బంగ్లాదేశమున ఢాకా సమీపములోని రాణాప్లాజా యను మేడ 2013 ఏప్రిల్ 24వ తేదిన కూలి పదునొకండు వందలకు మించి జనులు మరణించిరి. మున్నాడే గోడలు బీటలువాఱినవి. క్రింది యంతస్తులోని బ్యాంకువారు తమ యుద్యోగులను ఇండ్లకు పంపివేసిరి, అంగళ్లు మూసివేసిరి. పై యంతస్తులలో బట్టలు కుట్టువారిని మాత్రము, రాకున్న జీతము పోవునని బెదరించి మఱునాడు పనికి రప్పించిరి. మేడ యొక్కటే, బీటలును అవియే. బ్రదికినవారికిని చచ్చినవారికిని జాగ్రత్తలో భేదము లేదు. బీటలను చూచి భయపడనివా రందులో లేరు. భేదమెల్ల ‘రాను’ అని చెప్పగల శక్తిలోనే యున్నది. ఆ యాడుబిడ్డలను అజాగ్రత్తపరులని యే నోటితో ననగలము?

కావున మూడవ సమాధానమే మాకు సమ్మతము. పనిని ఏర్పరచినవారి ఏమఱుపాటే ప్రమాదమునకు ప్రధానకారణము. ఇది యొప్పుకొన్న పిదప, ఏమఱకుండుట కేర్పాటు లెట్లుండవలయునో తెలియుట కష్టము కాదు. గోడలపై ‘భద్రతయే ప్రథమము’ అని వ్రాయించుటతో నది ముగియదు. దానికి ముఖ్యమైన యంగములు కొన్ని కలవు.

మొదటిది, యజమాని తానే దీనిని చేపట్టుట. భద్రతను క్రింది యుద్యోగి యొకని కప్పగించి, ఉత్పత్తిని మాత్రము తానే నిత్యము విచారించు యజమాని, తన మనస్సులో దేనికెంత విలువయో పనివారికి నోట చెప్పకయే చెప్పుచున్నాడు. అమెరికాలోని ఆల్కోవా యను అల్యూమినియము కంపెనీకి 1987లో అధిపతియైన పాల్ ఓనీల్, వాటాదారుల యెదుట తన మొదటి యుపన్యాసమున లాభములను గూర్చి కాక పనివారి భద్రతను గూర్చి మాటలాడెను. విన్నవారిలో కొందఱు ఈయనకు మతి చలించెనేమో యనుకొనిరట. ఆయన నాయకత్వమున గాయములును తగ్గినవి, లాభములును పెరిగినవి. లాభములు పెరుగకున్నను ఆయన చెప్పినది ధర్మమే యగుననుట మఱవరాదు.

రెండవది, అపాయమును ముందుగా కనుగొనుట. దానిని చక్కగా నెఱిగినవాడు ఆ పనిని దినదినము చేయువాడు. ఏ నిచ్చెన మెట్టు కదలుచున్నదో, ఏ స్విచ్చును ముట్టిన జివ్వుమనునో మేనేజరునకు తెలియదు, వానికి తెలియును. కాని చెప్పినందుకు శిక్షపడునేని యెవడును చెప్పడు. తప్పు చేసినట్లు ఒప్పుకొన్న పిల్లవానిని కొట్టు బడిలో పిల్లలు తప్పులు మానరు, దాచుట నేర్చుకొందురు. అమెరికాలో 1976నుండి విమానములు నడుపువారు తమ పొరపాట్లను, తృటిలో తప్పిన యాపదలను తెలుపుకొనుటకు నొక యేర్పాటు కలదు. తెలిపినవారి పేరు గోప్యముగా నుంచబడును. ఉద్దేశపూర్వకము కాని పొరపాటును వెంటనే తెలిపినవానికి దండన తప్పును. వాని వలన నేర్చిన పాఠము లందఱకును పంచబడును. తప్పిన యాపద, ఉచితముగా వచ్చిన గుణపాఠము. కొన్ని కర్మాగారములలో ‘ఇన్ని దినములుగా ప్రమాదము లేదు’ అని పలకపై వ్రాసి, ఆ యంకె పెరిగినకొలది బహుమానము లిత్తురు. ఉద్దేశము మంచిదే. కాని బహుమానము పోవునను భయమున తోడివాడు తెగిన వ్రేలికి గుడ్డ చుట్టుకొని యిల్లు చేరినయెడల ఆ పలక సత్యమును చెప్పుచున్నదా?

మూడవది, నివారణలలో క్రమమును పాటించుట. ఈ శాస్త్రము నెఱిగినవారు చెప్పు క్రమమిది: మొదట అపాయమును పూర్తిగా తొలగింపుము, అది కాకున్న దానికి మాఱుగా తక్కువ యపాయకరమైన దానిని వాడుము, అదియు కాకున్న యంత్రముతోనో కంచెతోనో దానిని మనుష్యునినుండి వేఱుచేయుము, ఆ పిదప నియమములు, శిక్షణ, చిట్టచివర తొడుగులు, ముసుగులు, హెల్మెట్లు. మనవారు సామాన్యముగా చివరనుండి మొదలుపెట్టి యచ్చటనే యాగుదురు. భూగర్భపు మురుగుకాలువలనే చూడుడు. విషవాయువు నిండిన మ్యాన్‌హోలులోనికి దిగి యొకడు పడిపోగా, వానిని తీయ దిగిన రెండవవాడును, మూడవవాడును మరణించిన వార్తలు మనకు క్రొత్త కాదు. అట్టి పనికి మనుష్యుని దింపరాదని 2013లో చట్టము వచ్చినది. మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయల చొప్పున నీయవలయునని సుప్రీంకోర్టు 2014లోను, దానిని ముప్పది లక్షలకు పెంచుచు 2023లోను ఆజ్ఞాపించినది. హైదరాబాదులో 2017లో సందులలోనికి పోగల చిన్న యంత్రములను ఈ పనికై తెచ్చిరి. మనుష్యుడు దిగవలసిన యక్కఱయే లేకుండ జేయుట మొదటి మెట్టు. చేతికి తొడుగిచ్చి దింపుట చివరి మెట్టు. ఇన్ని యేండ్లు మొదటి మెట్టు మనకేల తోచలేదు? ఆ గోతిలో దిగువారు ఏ కులమువారో యెఱిగినవారికి కారణము విప్పి చెప్పనక్కఱలేదు. ఎవని ప్రాణము చవుకయని సంఘము తలచునో వానికై యంత్రము కొనుట దానికి దుబారాగా కనబడును.

ఉపకరణము ధర్మబుద్ధికి బదులు కాజాలదనుటకు ఇంగ్లండు గనుల చరిత్రయు నిదర్శనము. 1812లో ఫెల్లింగ్ బొగ్గుగనిలో వాయువు ప్రేలి 92 మంది మరణించిన పిదప, 1815లో హంఫ్రీ డేవీ పండితుడు గనిలోని వాయువును అంటింపని దీపమును కనిపెట్టెను. దానివలన మరణములు తగ్గునని యందఱు ననుకొనిరి. కాని యజమానులు, అంతవఱకు అపాయమని విడిచిన లోతు పొరలలోనికి ఆ దీపమునిచ్చి పనివారిని పంపిరి. వాయువు వెళ్లుటకు మార్గము లేర్పరచుట యశ్రద్ధ చేయబడెను. ప్రేలుడులు తగ్గలేదు. రక్షణకై పుట్టిన దీపము మఱింత లోతు త్రవ్వుటకు అనుమతిపత్రమైనది.

నాలుగవది, ఆపుటకు అధికారము. అపాయమును కన్నవాడు ఎంత చిన్నవాడైనను పని నాపవచ్చునను నియమముండవలయును. 1986 జనవరి 28వ తేదిన చాలెంజరు అను వ్యోమనౌక నింగిలో బ్రద్దలై ఏడుగురు మరణించిరి. మున్నాటి రాత్రియే, చలికి రబ్బరు బంధనములు గట్టిపడునని ఇంజనీర్లు వారించిరి. పై యధికారులు వినలేదు. చదువుకొన్న ఇంజనీర్ల మాటయే చెల్లనప్పుడు దినకూలి మాట యెట్లు చెల్లును? భోపాలు పిదప 1987లో మన ఫ్యాక్టరీల చట్టమును సవరించి, అపాయములను తెలిసికొను హక్కును, భద్రతా సంఘములలో పాల్గొను హక్కును, ఆసన్నమైన యాపదను గూర్చి హెచ్చరించు హక్కును కార్మికులకిచ్చిరి. 2020లో పార్లమెంటు పెక్కు పాత చట్టములను కలిపి యొక్క కోడుగా కూర్చినది. చట్టమెన్ని రూపములెత్తినను, రేపు పని యుండునో లేదో తెలియని కాంట్రాక్టు కూలి హక్కును నోట పలుకగలిగిననాడే యది హక్కు. దీనికి భాష కూడ కావలయును. 2025 జూన్ 30వ తేదిన సంగారెడ్డి జిల్లా పాశమైలారములో నొక మందుల సంబంధమైన కర్మాగారము ప్రేలి 40 మందికి మించి మరణించిరి. వారిలో ననేకులు బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశము మొదలగు చోట్లనుండి పొట్టకై వచ్చినవారు. ఇట్టివారు పనిచేయు చోట్ల గోడలపై తెలుగునను ఇంగ్లీషునను మాత్రమే వ్రాసిన హెచ్చరికలు ఎవరిని హెచ్చరించును?

ఐదవది, ఆపద వచ్చినప్పుడు చేయవలసినది చేతులకు అలవాటగునట్లు అభ్యసించుట. విశాఖపట్టణ సమీపమున వెంకటాపురములో 2020 మే 7వ తేది తెల్లవాఱుజామున నొక పాలిమర్ల కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి నిద్రించుచున్న జనులలో పండ్రెండుగురు మరణించిరి. ప్రభుత్వము నియమించిన విచారణసంఘము చెప్పినదేమనగా, ఆ కర్మాగారమున సైరనును మ్రోగించుటకు 36 స్థానములుండియు ఒక్కచోటనైనను మ్రోగింపబడలేదు. సైరనులు లేక కాదు; చేయి దానిమీదికి పోలేదు. కొనిన పరికరము భద్రత కాదు, అలవడిన నడవడియే భద్రత యనుటకు నింతకంటె నేమి కావలయును?

ఇందుల కెల్ల ఖర్చగునని చెప్పువారు కలరు. అగును. కాని ఖర్చు చేయకున్నను ఖర్చు తప్పదు; చెల్లించువారు మాత్రము మాఱుదురు. కంచెకు యజమాని చెల్లింపనిది విధవరాలు చెల్లించును, చదువు మాని పనికి పోవు పిల్లవాడు చెల్లించును. న్యూయార్కులో 1911 మార్చి 25వ తేదిన ట్రయాంగిల్ కంపెనీ కుట్టుశాల తగులబడి, తలుపునకు తాళము వేసియుండుటచే వెలికి రాలేక 146 మంది, అందు పెక్కండ్రు వలస వచ్చిన పడుచులు, మరణించిరి. క్రిమినలు విచారణలో యజమానులు నిర్దోషులుగా విడువబడిరి. దావా వేసిన కుటుంబములకు 1914లో ఒక్కొక్క ప్రాణమునకు 75 డాలర్లు ముట్టినవి. లెక్కపుస్తకములో నది చవుక బేరమే. ఆ మంటలను వీధిలో నిలిచి చూచిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అను వనిత ఆ లెక్కను ఒప్పుకొనలేదు. భద్రతా శాసనములకై పాటుపడి, 1933లో అమెరికా ప్రభుత్వమున కార్మికశాఖకు అధిపతియైనది. ఆ దేశపు మంత్రివర్గమున స్థానము పొందిన మొదటి స్త్రీ యామెయే. ఖర్చును గూర్చిన వాదమునకు ఆమె జీవితమే సమాధానము.

ఉపాధ్యాయులకును ఈ విషయమున పని కలదు. బడియు నొక పనిచోటే. 2004 జూలై 16వ తేదిన కుంభకోణములో నొక పాఠశాల వంటయింటి నిప్పు ఆకుల కప్పున కంటి 94 మంది పసిపిల్లలు మరణించిరి. మన బడులలో ఇంకను చీలిన గోడలు, వ్రేలాడు తీగెలు, మూతలేని నీళ్లతొట్లు కలవు. వానిని సరిచేయుట యొక పని. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. ‘ఆ తీగె ముట్టుకొన్న కొట్టునండీ’ అని లేచి చెప్పిన పిల్లవానిని ‘నోరు మూసికొని కూర్చుండుము’ అని గదమాయించు తరగతులు తక్కువ కావు. దానిని మనము క్రమశిక్షణ యందుము. పదేండ్లు అట్లు నోరు మూసికొని కూర్చుండ నేర్చినవాడే పెరిగి పెద్దవాడై, బాయిలరు గడియారపు ముల్లు ఎఱ్ఱగీటు దాటుట చూచియు మేస్త్రీ యెదుట నోరు మూసికొని నిలుచును. గదమాయింప నేర్చినవాడే మేస్త్రీ యగును. పిల్లవాడు చూపిన తీగెను ఆ దినముననే బాగుచేయించి, చెప్పినందుకు వానిని మెచ్చుకొనిన యుపాధ్యాయుడు, ఒక కర్మాగారములో నెన్నడో జరుగనున్న కీడును ఈనాడే యాపుచున్నాడని మా నమ్మకము.

చదువరులలో మిల్లు యజమానులుందురు, మేస్త్రీలుందురు, ఇల్లు కట్టించుచు పరంజిమీద కూలీలను నిలిపినవారుందురు, కనీసము నీళ్లట్యాంకు కడుగుటకు నొకని పిలిచినవారుందురు. ఏదో యొక గంటసేపు ఒకరి ప్రాణము మన యేర్పాటుపై నాధారపడని గృహస్థుడు లేడు. అట్టివాడు పని చెప్పుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలయును. ఈ పనిలో ప్రాణము పోవు మార్గమేది? దానిని మూయుటకు నేనేమి చేసితిని? భయపడినచో చేయనని చెప్పుటకు వీనికి నా యొద్ద చనువున్నదా? ఈ మూటికిని సమాధానము చెప్పగలిగిననాడు పని మొదలుపెట్టవచ్చును. చెప్పలేనినాడు, పైన పనివాడు క్షేమముగా దిగివచ్చినను, ప్రమాదము అప్పటికే జరిగినది; అది మనదే.